జన్నారం బస్సులో నా చోటు

పోయిన నెల మా చెల్లెలు విమల హైదరాబాదు నుంచి వచ్చి కొన్ని రోజులు కరీంనగర్‌లో నా దగ్గర ఉంది. ఒకనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర నా మనవరాలు దాన్ని, "చిన్నమ్మమ్మా, మీ చిన్నప్పుడు సెలవు రోజులల్ల ఏం చేసేటోళ్ళు?" అని అడిగింది. విమల పప్పుచారు కలుపుతున్న చేత్తోనే గాలిలో గీతలు గీస్తూ మొదలుపెట్టింది. "బస్సెక్కి అడివి నడుమ దిగేటోళ్ళం బిడ్డా. గోదావరి ఒడ్డు పట్టుకొని నడిచేటోళ్ళం. మీ ముత్తాత ముంగట, నేను ఎనక. చిరుతపులి అడుగులు గూడ జూసినం. నాకు అడివంటే పానం." పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. నేను వడ్డిస్తున్న గరిటెను గిన్నెలో పడేశాను. అడవి దీనికి ప్రాణమట! కాలికి ముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినపడేలా ఏడ్చిన మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. పెరుగు తేవాలని వంకపెట్టి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

నాకు ఎనభై దగ్గరపడ్డాయి. మోకాళ్ళు అరిగాయి, పళ్ళు ఊడాయి, పోయినవాళ్ళ పేర్లు కొన్ని మరచిపోయాను. కుళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. విమలకు నాకంటే పెద్ద ఇల్లుంది. దాని మీద నాకు కుళ్ళు లేదు. దాని మొగుడు ఇంకా ఉన్నాడు, పొద్దున్నే చాయ కూడా పెట్టి ఇస్తాడట, పెట్టనీ. నా కుళ్ళంతా ఆ ఆదివారాల మీదే. అవి మొదట నావి. తరవాత దానివయ్యాయి. ఎట్లా అయ్యాయో చెప్పాలంటే మా లక్షెట్టిపేట ఇల్లూ, ఆ ఇంట్లో మా బాపూ కళ్ళముందుకు రావాలి.

బాపు బడిపంతులు. ఉర్దూలో చదువుకుని, కాలం మారాక తెలుగులో పాఠాలు చెప్పడం నేర్చుకున్నవాడు. ఇంట్లో ఆయన మాట్లాడేవాడు కాదు. పొద్దంతా బడిలో అరిచి వచ్చి, కోటు కొక్కేనికి తగిలించినట్టే మాటల్ని కూడా తగిలించేసేవాడు. ఆయనకు కావలసినవన్నీ అవ్వే, అంటే మా అమ్మే, మాట్లాడేది. "మీ బాపుకు చారుల ఉప్పు తక్కువైందట" అనేది. ఆయన కంచంలోంచి తల కూడా ఎత్తి ఉండడు. "నీకెట్ల ఎర్క అవ్వా?" అంటే, "ముక్కు జూస్తె ఎర్కయితలేదా" అనేది. మేం ఇద్దరు ఆడపిల్లలం ఆయన ముక్కు చూసి కోపమో ఆకలో కనిపెట్టడం అట్లా నేర్చుకున్నాం. దగ్గరికి తీసుకోవడం, ముద్దు చేయడం ఆయనకు రాదు. పరీక్షలో మొదట వస్తే కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసేవాడు, అంతే. ఆ చూపు కోసమే నేను చదివేదాన్ని.

ఆదివారం మాత్రం వేరు. తెల్లవారకముందే అవ్వ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. పెనం మీద రొట్టె కాలిన వాసన, నువ్వులు వేయించిన వాసన, కట్టెల పొగ, అన్నీ కలిసి ఇల్లంతా నిండేవి. రొట్టెల్లో నువ్వులపొడి పెట్టి, ఉల్లిగడ్డతో కలిపి పాత ధోవతి ముక్కలో మూట కట్టేది. నీళ్ళకు సొరకాయ బుర్ర. బాపు ధోవతి మోకాళ్ళ పైకి ఎగగట్టి, చేతికర్ర తీసుకుని గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు. అది నన్ను పిలవడం. జన్నారం పోయే మొదటి బస్సులో నాకు చోటు ఉండేది, కుడివైపు కిటికీ పక్కన. కండక్టరు నన్ను చూడగానే, "ఏం జంగల్‌కీ రాణీ, పులికి సలాం చెప్పొస్తవా ఇయ్యాల?" అని ఏడిపించేవాడు. వాగు దగ్గర డ్రైవరు బండి ఆపి, ఉడుకుతున్న ఇంజన్లో డబ్బాతో నీళ్ళు పోసేవాడు. బుసబుసమని ఆవిరి లేచేది. ఆ ఇనుప వేడి వాసనా, దాన్ని తోసుకుంటూ కిటికీలోంచి వచ్చే టేకు పూల వాసనా నాకు ఇప్పటికీ విడివిడిగా జ్ఞాపకం.

ఆ రోడ్డు మీద ఊళ్ళు అప్పట్లో దూరం దూరం. నడిమధ్యన అడవిలో దిగినవాళ్ళు సాయంత్రం తిరుగు బస్సు ఎక్కాలంటే ఒక పద్ధతి ఉండేది. దాన్ని కొమ్మ పెట్టుడు అనేవాళ్ళు. దిగినచోట టేకు కొమ్మ ఒకటి విరిచి రోడ్డు అంచున పడుకోబెట్టి, దాని మొదలు మీద రాయి పెట్టాలి. కొమ్మ కొస మనుషులు పోయిన దిక్కు చూపించాలి. సాయంత్రం డ్రైవరు మనుషుల కోసం చూడడు, కొమ్మ కోసం చూస్తాడు. మేకలు కాసే పిల్లలు బస్సు కనపడితే చాలు చేతులు ఊపుతుంటారు. ఊపిన ప్రతిచోటా ఆగితే బస్సు ఎప్పుడు ఊరు చేరాలి? కొమ్మ ఉంటే మాత్రం ఆపి, హారను మోగించి, ఒక బీడీ తాగేంతసేపు చూసేవాడు. ఎక్కేవాళ్ళు బస్సు ఆగాక కొమ్మ తీసి పొదల్లోకి విసిరేయాలి. తీయకుండా పోతే మరునాడు బస్సు ఎవరూ లేనిచోట నిలబడి హారను కొట్టుకుంటుంది. కొమ్మ పెట్టే పని బాపుది, తీసే పని నాది. బస్సు గురగురమంటూ నా కోసం నిలబడి ఉండేది. అందరూ కిటికీల్లోంచి చూస్తుండగా నేను కొమ్మ తీసి బలంగా విసిరి, మెట్టెక్కేదాన్ని. పెళ్ళిపీటల మీద కూడా అంత గొప్పగా అనిపించలేదు నాకు.

కొమ్మ పెట్టి రోడ్డు దిగగానే బాపు మారిపోయేవాడు. మొదట కాసేపు నడక. తరవాత మాటలు వచ్చేవి, బీటలు వారిన నేలలోకి నీళ్ళు వచ్చినట్టు మెల్లమెల్లగా. "గీ చెట్టు బెరడు జూడు బిడ్డా, మొసలి తోలు తీరుగ లేదా? గిది నల్లమద్ది." "గీ ఇప్పచెట్టు మీద గీతలు జూసినవా? ఎలుగ్గొడ్డు ఎక్కింది. ఎక్కిన గీతలా, దిగిన గీతలా? జెప్పు." నేను ముక్కు చెట్టుకు ఆనించి చూసి చెప్పేదాన్ని. తప్పయితే, "జర నిమ్మళంగ జూడు" అనేవాడు. ఒప్పయితే ఏమీ అనకుండా ముందుకు నడిచేవాడు. కానీ ఆ నడకలో ఒక హుషారు కనపడేది. వాగు వెంట పోయి పోయి, టేకు చెట్లు పలచబడి, ఒక్కసారిగా ఎండ కళ్ళలో కొడితే అది గోదావరి. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే నీళ్ళ అంచుదాకా వెళ్ళి రొట్టెల మూట విప్పేవాళ్ళం. ఆ ఒడ్డునే ఆయన తన చిన్నతనం చెప్పాడు, చచ్చిపోయిన తన తమ్ముడి గురించి చెప్పాడు. ఇంట్లో ఆ తమ్ముడి పేరు ఎవరూ ఎత్తరు. తిన్నాక చేతులు కడుక్కుంటూ ఒకసారి, "నీకు అడివి సమజైతది బిడ్డా" అన్నాడో, లేక నేనే అట్లా అన్నాడనుకున్నానో, ఇప్పుడు గట్టిగా చెప్పలేను. నీళ్ళ చప్పుడులో సగం వినపడింది.

తరవాత నేను పెద్దమనిషినయ్యాను. మూల చాప మీద కూర్చోబెట్టి, ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం, నువ్వులముద్దలు తినిపించి, వాడకట్టు ఆడవాళ్ళంతా పాటలు పాడి వెళ్ళారు. నాకు ఆ నువ్వులముద్దలు భలే నచ్చాయి. ఆ సంబరమంతా అయ్యాక వచ్చిన ఆదివారం పొద్దున రొట్టెల చప్పుడుకు లేచి, జడ వేసుకుని, సొరకాయ బుర్ర చేతికి తీసుకున్నాను. అవ్వ నా చేతిలోంచి దాన్ని తీసేసుకుంది. "ఏడికి? ఈడొచ్చిన పిల్ల అడివిల తిరుగుతదా? గాలి సోకుతది. నలుగురు ఏమంటరు?" అంది. నేను బాపు వైపు చూశాను. బాపు గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. బడిలో పెద్దసారుకు ఎదురు చెప్పిన మనిషి, పోలీసు అమీన్ ముందు కుర్చీలోంచి లేవని మనిషి. ఏమీ అనలేదు. గొంతు సవరించుకున్నాడు. ఆ పిలుపు నాకు కాదు. "విమలను తోల్కపోండ్రి, అది ఇంక చిన్నదే గద" అని ఎప్పటిలాగే ఆయన మాట కూడా అవ్వే మాట్లాడేసింది.

విమలకు వెళ్ళాలని లేదు. నిద్రకళ్ళతో ఏడుపు మొహం పెట్టుకుని నిలబడింది. దానికి గచ్చకాయలు ఆడుకోవడం, ఎండలో పండుకోవడం, పక్కింటి పిల్లల మీద చాడీలు చెప్పడం ఇష్టం. ముళ్ళు దిగకుండా టైరు అడుగులు వేసి మాదిగ లచ్చయ్య నా కొలతకు కుట్టిచ్చిన చెప్పులు నాకుండేవి. అవ్వ వాటిని తీసి విమల కాళ్ళకు తొడిగింది. పెద్దవయ్యాయని ముందర గుడ్డపేలికలు కుక్కింది. అది నా చెప్పుల్లో టపటపమంటూ బాపు వెనక వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఇల్లలికాను. అలికిన చోటే మళ్ళీ అలికాను. అవ్వ చూసి, "పేడ ఏమన్న తేరకొచ్చిందానే?" అంది.

సాయంత్రం హారను వినపడగానే ఎక్కడున్నా నా గుండె లేచి కూర్చునేది. విమల ఒడినిండా తునికిపండ్లు తెచ్చేది. దాని జుట్టులో, గౌనులో అడవి వాసన. నాకొద్దు పొమ్మనేదాన్ని. తినకుండా ఉండేదాన్ని కూడా. కానీ అడగకుండా ఉండలేకపోయేదాన్ని. పక్కల్లో చేరాక మొదలుపెట్టేదాన్ని.

"ఏం జూసినవే?"

"చెట్లు."

"ఏం చెట్లు?"

"చెట్లేనే. పచ్చగున్నయి."

"బాపు ఏం చెప్పిండు?"

"ఏమో చెప్పిండు. నాకు కాళ్ళు గుంజుతున్నయి, పండనియ్యి అక్కా."

నాకు దాని జుట్టు పీకాలనిపించేది. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! బాపు ఇంట్లో దాచుకున్న మాటలన్నీ అక్కడ, ఆ ఇసుకలో, ఈ మొద్దు ముందు గుమ్మరిస్తున్నాడు. ఇది వాటిని అక్కడే వదిలేసి వస్తోంది. ఆకలి లేనివాళ్ళకు వడ్డించి, ఆకలైన నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. నేను ఆదివారం ఆదివారం ఎండిపోయాను. బాపు ముక్కు చూసి ఆ రోజు ఏం మాట్లాడి ఉంటాడో ఊహించుకునేదాన్ని. చిరుత అడుగులు చూశామని ఒకసారి విమల అన్నప్పుడు రెండు రోజులు దానితో మాట్లాడలేదు. "కుక్క అడుగుల లెక్కనే ఉన్నయిగాని, గోళ్ళు లేవు" అంది అది. గోళ్ళు లేవని దానికి తెలిసిందంటే బాపు వంగి చూపించాడన్నమాట. నాకు చూపించాల్సింది.

ఒక ఆదివారం సాయంత్రం బస్సు వచ్చింది, వాళ్ళు రాలేదు. కండక్టరు ఇంటిదాకా వచ్చి, దారిలో ఎక్కడా కొమ్మ లేదని చెప్పాడు. అవ్వ ఆ రాత్రి ఎట్లా గడిపిందో చెప్పలేను. మరునాడు పొద్దున మొదటి బస్సులో ఇద్దరూ దిగారు. అవ్వ బాపు మీదికి వెళ్ళింది. "పిల్లను ఎలుగ్గొడ్డుకు అప్పజెప్పిన్రనుకున్న! నా పానం ఉన్నదా పోయిందా జూడ వచ్చిన్రా?" బాపు యథాప్రకారం కోటు విప్పుతున్నాడు. జవాబు విమలే చెప్పింది.

"బాపు వాగుల కాళ్ళు కడుగవోయిండు. నన్ను చెట్టు కింద కూసోమన్నడు. ఈగలు ఒకటే ముసురుతున్నయి. గందుకని కొమ్మ తీసి ఇసురుకున్న."

"ఏ కొమ్మ?" అన్నాను నేను.

"గదే, రాయి కింద పెట్టిన కొమ్మ. పెద్ద పెద్ద ఆకులున్నయి, మంచిగ గాలొచ్చింది."

"మరి బస్సు రాలే?"

"వచ్చింది. బస్సులున్నోళ్ళు చేతులు ఊపిన్రు. నేను గూడ ఊపిన."

అవ్వ ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బస్సు వెళ్ళిపోయాక వాళ్ళు దగ్గర్లోని గోండుల గూడేనికి పోయారట. అక్కడ జొన్నరవ్వతో వండిన గట్క పెట్టారట. నిప్పుల పక్కన పడుకుంటే మేకపిల్ల ఒకటి వచ్చి విమల డొక్కలో పడుకుందట. అంటే తప్పు చేసినందుకు అడవిలో రాత్రి కూడా దానికే దక్కింది! అడవిలో ఒక్క రాత్రి ఉందాం బాపూ అని నేను ఎన్నిసార్లు బతిమాలానో ఆ గోదావరికి తెలుసు.

"ఇంక అడివి లేదు, గిడివి లేదు" అంది అవ్వ.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. జీవితంలో అంత ధైర్యం మళ్ళీ చేయలేదు. "నేను పోత బాపు తోని. నేనైతే బస్సు ఆగినంకనే కొమ్మ తీస్త. నాకు ఎర్కనే గద" అన్నాను. బాపు తలెత్తి నన్ను చూశాడు. పెదవులు కదిలాయి. ఒక్కమాట వస్తుందనుకున్నాను. "నీకేమన్న మతి పోయిందా? రేపో మాపో పెండ్లి చేసే పిల్లవు" అంది అవ్వ. బాపు కొక్కెం మీది తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆయన మళ్ళీ అడవికి వెళ్ళలేదు. ఆదివారాలు అరుగు మీద కూర్చుని జన్నారం బస్సు పోయేది చూసేవాడు. జాలిపడ్డానా అంటే, లేదు. మీరూ ఇంట్లోనే కూర్చోండి, ఎట్లా ఉంటుందో తెలుస్తుంది అనుకున్నాను. విమల హాయిగా గచ్చకాయలు ఆడుకుంది. నన్ను హుజూరాబాద్ ఇచ్చారు. మా ఆయన మంచివాడే, బట్టల దుకాణం. చుట్టూ పత్తిచేలు, చెరువులు, అడవి మచ్చుకైనా లేదు. బాపు వచ్చిపోయేవాడు. పిల్లల్ని కళ్ళజోడు పైనుంచి చూసేవాడు. నాతో ఎక్కువ మాట్లాడకుండానే పోయాడు.

ఆ భోజనాల మరునాడు నేను విమలతో, "అడివంటే అంత పానమైతే పోదాం పా" అన్నాను, నిజం చెప్పాలంటే కసిగానే. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సుల్లో టికెట్టు లేదు. ఎక్కి కూర్చున్నాం. గోదావరి వంతెన దాటి, లక్షెట్టిపేట దాటి, జన్నారం రోడ్డు మీద పడ్డాం. రోడ్డు నున్నగా ఉంది. ఇప్పుడు ఇది పులుల అడవి. గేటు ఉంది, బోర్డులున్నాయి, లోపలికి జీపుల్లో తిప్పుతారట. ఒకచోట నలుగురు ఆడపిల్లలు వీపున సంచులతో, బూట్లతో దిగారు. వెంట మగవాళ్ళెవరూ లేరు. గట్టిగా నవ్వుకుంటూ చెట్లవైపు నడిచారు. వాళ్ళు ఎవరి పిల్లలో, ఏ ఊరి వాళ్ళో నాకు తెలియదు. వాళ్ళ మీద కూడా కుళ్ళుకున్నాను. ఒక్కదానికైనా గాలి సోకుతుందని ఎవరైనా చెప్పారా?

"మస్తు నడిచినవు లే గీ అడివిల" అన్నాను విమలతో, ఎత్తిపొడుస్తూ.

విమల కిటికీ అద్దం పక్కకు జరిపింది. "నడిచిన. నడిచినన్ని దినాలు నీ మాటలే ఇన్న" అంది.

"నా మాటలా? నేనేడున్ననే? ఇంట్ల పేడ అలుకుకుంట ఉంటి."

"నువ్వు ఇంట్లనే ఉంటివి. బాపు నోట్ల గూడ నువ్వే ఉంటివి. ఏ చెట్టు కాడికి పోయినా, 'సరోజన అయితే గీ గీతలు ఎప్పుడో జూసేది' అనేటోడు. గోదారి ఒడ్డుకు రొట్టె ఇప్పంగనే, 'పెద్దది ఉంటే బాగుండు' అనేటోడు. గా గూడెంల గూడ, నాకు గట్క తినవెట్టుకుంట, 'సరోజన ఉంటే మనం ఇంతసేపటికి బస్సుల ఉండేటోళ్ళం' అన్నడు. నాకు ఏడుపొచ్చింది. నా చెయ్యి పట్టుకొని నడుసుకుంట నీ ముచ్చట! నీ మీద నాకు ఎంత కుళ్ళుండెనో నీకు ఎర్కనా?"

"అప్పుడే ఎందుకు చెప్పకపోతివే?" అన్నాను.

"ఎందుకు చెప్త? కుళ్ళని చెప్తున్న గద" అంది విమల.

బస్సు వాగు దాటింది. దాని మీద ఇన్నాళ్ళూ పెట్టుకున్న కోపం పోవాలి కదా, పోలేదు. సంతోషం కలగలేదని కూడా అనను. కలిగింది, బాగానే కలిగింది. దాని వెనకే ఇంకొకటి వచ్చి పడింది. బాపు నన్ను మెచ్చుకున్నాడు, ఆ మెప్పును కూడా విమల చెవిలోనే వేశాడు. ఆ మాటల్లో ఒక్కటి, ఇంట్లో, ఏ చారు అన్నం తింటున్నప్పుడో నాతో అని ఉంటే, నేను ఆ అడవిని దానికి ఎప్పుడో వదిలేసి ఉండేదాన్ని.